నిజానికైతే మావయ్య ఆటలో ఎద్దులకి జ్వరం

మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ పనికైనా నిజంగా ఎంతసేపు పడుతుందో అంతసేపూ పట్టి తీరాలి, ఒక్క నిమిషం తగ్గినా ఆయనకి అన్నం సహించదు. ఎవరేం చెప్పినా "నిజానికైతే..." అని మొదలుపెట్టేవాడు. అత్తయ్య వంటింట్లోంచి "రెండు నిమిషాల్లో వస్తున్నా" అని కేకేస్తే, "నిజానికైతే పదకొండు" అని గోడ గడియారం కేసి చూస్తూ కూర్చునేవాడు. సరిగ్గా పదకొండో నిమిషానికి ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడకి ఆ కోపం ఒక్కరోజు కూడా చల్లారలేదు.

ఈ జబ్బుకి తగ్గ ఉద్యోగమే దొరికింది ఆయనకి. బస్సు డిపోలో టైము పట్టీలు రాయడం. ఏ బస్సు ఎన్ని గంటలకి ఎక్కడుండాలో ఆయన కాగితం మీద పెడితే అది అక్కడే ఉండేది. ఒకసారి మేనేజరు పిలిచి, "ఏమయ్యా, అన్ని స్టాపులకీ ఒక్కో నిమిషం రాశావు, ఆస్పత్రి స్టాపుకి నాలుగా? అక్కడేం చుట్టరికమా నీకు?" అని గదిమాడు.

"నిజానికైతే నాలుగు పడుతుందండీ. ఆస్పత్రి దగ్గర ఎక్కేవాళ్ళు నెమ్మదిగా ఎక్కుతారు."

"తొందరగా ఎక్కమను!"

"కాలికి కట్టున్న ముసలావిడ మెట్టెక్కడానికి నలభై సెకన్లండీ. నిలబడి చూశాను. మొత్తం ఆరుగురు ముసలమ్మలు."

మేనేజరు కాగితం మీద సంతకం పడేసి, ఆ రోజు నుంచి ఆయన్ని పేరు పెట్టి పిలవడం మానేశాడు. డిపో అంతటికీ ఆయన నిజానికైతే మావయ్య అయిపోయాడు. అసలైన మేనకోడలు మాత్రం ఒక్కతే. ఈ కథంతా ఆ పిల్ల గుండెదడలోంచి చూడాల్సిందే.

ఆ పిల్ల మందుల కంపెనీలో సీసాల మీద అంటించే చీటీలు సరిచూస్తుంది. చుక్క పక్కకి జరిగినా, సున్నా ఎక్కువైనా పట్టుకుని దిద్ది, కింద సంతకం పెట్టాలి. ఎనిమిదేళ్ళుగా ఒక్క తప్పు కూడా గడప దాటనివ్వలేదు. అలా అని సంతోషంగా ఉండేదా అంటే అదీ లేదు. గ్యాసు కట్టేశానా అని మెట్ల మీంచి రెండుసార్లు, వీధి చివరి నుంచి ఒకసారి వెనక్కి వచ్చే రకం. ఇంట్లో అందరూ కంగారమ్మ అనేవాళ్ళు. ఆ మాటకీ కంగారుపడేది.

మావయ్య ఇంట్లోకి ఆ ఆట వచ్చింది ఆమె మొగుడి పుణ్యమే. అతను సరుకుల ఓడలో ఇంజను చూసుకునే మనిషి. సెలవు మీద వచ్చినప్పుడు మావయ్య కంప్యూటర్లో ఓ యుద్ధం ఆట పెట్టి చూపించాడు. పాతకాలం రాజ్యాలు, కోటలు, సైన్యాలు. మనమే రాజు. మీట నొక్కితే పదివేలమంది దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి టీ తాగేలోపు నడిచిపోతారు. మావయ్య కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"అల్లుడూ, వీళ్ళు ఎప్పుడు తిన్నారు?"

"తినరు మావయ్యగారూ. ఆట కదా."

"నిజానికైతే పదివేలమందికి పూటకి ఎన్ని బస్తాలు కావాలి? ఆ బస్తాలు ఎవరు మోశారు? మోసిన ఎద్దులు ఏం తిన్నాయి?"

అల్లుడు తప్పించుకోవడానికి, ఆడేవాళ్ళే ఆటలో తమకి నచ్చిన మార్పులు చేసుకోవచ్చనీ, అలా చేసిన మార్పుల మూటని మాడ్ అంటారనీ, ఆటని నిజానికి దగ్గర చెయ్యడం కోసమే ఇలాంటివి చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారనీ నోరు జారాడు. ఇక అంతే. అతను ఓడెక్కి వెళ్ళిపోయాడు, మావయ్య ఆరేళ్ళు ఆ కుర్చీలోంచి లేవలేదు.

లేవలేదంటే, కొలతలకి లేచేవాడు. సైనికుడు బరువుతో ఎంత వేగంగా నడుస్తాడో తెలియాలి కదా! ఇరవై కిలోల ఇసక సంచి భుజానికెత్తుకుని, చేతిలో గడియారంతో వీధి చుట్టూ తిరిగాడు. ఎండలో ఒకసారి, వానలో ఒకసారి. ఎదురింటి దర్జీ పరుగున అత్తయ్య దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏదన్నా గొడవ జరిగితే పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకోవాలి గానీ, అయ్యగార్ని మూటాముల్లెతో వానలోకి గెంటేస్తారా?"

"నేనెందుకు గెంటుతానయ్యా! ఆయన సైన్యంలో చేరాడు" అంది అత్తయ్య.

మావయ్య మోకాళ్ళదాకా బురదతో వచ్చి, "బురదలో గంటకి మైలున్నర!" అని పుస్తకంలో రాసుకున్నాడు. మూడు రోజులు నడుం పట్టేసి పడుకున్నాడు. ఆ మూడు రోజులు కూడా మాడ్ లోకి ఎక్కాయి, సైనికులు బురద దాటితే మూడు రోజులు పడుకోవాల్సిందేనని.

చెప్పులు కుట్టేవాణ్ణి అడిగి, ఎన్ని మైళ్ళకి చెప్పు అరుగుతుందో పెట్టాడు. పశువుల డాక్టరు బుర్ర తిని, ఎద్దులకి జ్వరం పెట్టాడు. ఏరు దాటించే పడవవాడికి నెలకి రెండు రోజులు సెలవు పెట్టాడు. అన్నిటికన్నా ముఖ్యం, కబురు. మామూలు ఆటలో రాజు అనుకోగానే దేశమంతా తెలిసిపోతుంది. మావయ్య ఆటలో అలా కుదరదు. రాజు చీటీ రాసి కబురువాడి చేతికివ్వాలి. వాడు గుర్రమెక్కి, ఏరు దగ్గర పడవవాడి కోసం ఆగి, తడిసి, ఆరి, ఎప్పటికో చేరాలి. మళ్ళీ జవాబు తేవాలి. అప్పటిదాకా రాజు చేతులు నలుపుకుంటూ కూర్చోవడమే.

ఆటల సైట్లో ఒకాయన ఇలా రాశాడు. "మూడు వారాల నుంచి ఆడుతున్నాను. నా సైన్యం ఇంకా ఊరు పొలిమేర దాటలేదు. ఎద్దులకి జ్వరం." కింద అయిదుకి అయిదు నక్షత్రాలు ఇచ్చాడు. మావయ్య ఆ మాటని కాగితం మీద అచ్చు తీయించి గోడకి అంటించుకున్నాడు. ఇంట్లో అందరూ ఆ పెద్దమనిషిని ఎద్దులాయన అనేవాళ్ళు.

కంగారమ్మ ఈ ఆటలోకి ఎలా దిగిందో కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం మొగుడి ఓడ నుంచి ఫోను ఆగిపోయింది. కంపెనీవాళ్ళు అదిగో ఇదిగో అంటారు, ఇంకేం చెప్పరు. పిల్ల ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతోంది. అందరూ "ఏం కాదమ్మా, రేపే ఫోనొస్తుంది చూడు" అన్నారు. ఒక్క మావయ్య మాత్రం, "నిజానికైతే నెల పట్టొచ్చు. సరుకుల ఓడ, వర్షాకాలం, యంత్రం పాడైతే రేవు చేరాలి" అన్నాడు. అత్తయ్య చేతిలో గరిటె ఉండబట్టి గానీ, అట్లకాడ అయితే దెబ్బ పడేదే.

"నోట్లోంచి ఒక్క మంచి మాట రాదా మీకు?"

"లెక్క చెప్పానే" అని గొణిగి, మేనకోడల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "అమ్మాయ్, నా మాడ్ ఆడి తప్పులు చెప్పు. నీకు కళ్ళు మంచివి."

ఆడింది. మనసు రాయిలా అయిపోయినా వేళ్ళు ఆడాయి. ఒకరోజు ఆమె పంపిన కబురువాడు ఏటి ఒడ్డున జ్వరంతో పోయాడని తెర మీద పడింది. ఆమె లేచి బాత్రూములోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి వదిలి, ఓ పావుగంట తర్వాత మొహం కడుక్కుని బయటికి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. మావయ్య ఇసక సంచికి కుట్లు వేసుకుంటూ తల కూడా ఎత్తలేదు. ఆమెకి అప్పుడు చాలా బాధేసింది. ఇరవై ఆరో రోజున మొగుడు ఏదో రేవు నుంచి ఫోను చేశాడు. కథ సుఖాంతం. ఆ ఒక్క బాధ మాత్రం మనసులో ఓ మూల మిగిలిపోయింది.

ఇక అసలు గండం. ఇలాంటి మాడ్లని పరీక్ష చేసి "నిజముద్ర" అని ఇచ్చే సంఘం ఒకటుంది. ముద్ర పడితే ఆటలు ఆడేవాళ్ళందరికీ మొదటి వరసలో కనపడుతుంది. పడకపోతే ఏ మూలో పడుంటుంది. ఒక్క అబద్ధపు అంకె దొరికినా చాలు, మళ్ళీ మూడేళ్ళదాకా గడప తొక్కనివ్వరు. ఆరేళ్ళు డిపో అంతా నవ్వుతుంటే పళ్ళబిగువున చేసిన పని. ఆదివారం గ్రంథాలయం మేడ మీద గదిలో ముగ్గురు పరీక్షకులు కూర్చుని ఆడి చూస్తారని ఉత్తరం వచ్చింది. అత్తయ్య కూడా ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"అమ్మాయ్, మాడ్ లో నాలుగు వేల లైన్లున్నాయి. అక్షర దోషాలుంటే నీ కంటికే దొరుకుతాయి. ఓసారి చూసిపెట్టు" అన్నాడు మావయ్య శనివారం పొద్దున్నే. ఆయన చెప్పుల్ని బకెట్లో నానబెట్టి అరుగుదల చూసుకుంటున్నాడు. ఆదివారానికి వేసుకోవాల్సిన చొక్కా అత్తయ్య ఇస్త్రీ చేస్తోంది.

మధ్యాహ్నం దాటేసరికి ఆమె చూపు ఒక చోట ఆగిపోయింది. సైనికుడికి వందకి ఎందరు పోతారో ఆ చావు లెక్క ఉంది. గుర్రానికి ఉంది, వంటవాడికి ఉంది, ఆఖరికి రాజుగారికీ ఉంది. కబురువాడి దగ్గర మాత్రం సున్నా. పక్కన చిన్నగా "పంతొమ్మిదో రోజు" అని రాసి ఉంది.

సున్నా ఎలా అవుతుంది? ఏటి ఒడ్డున పోయాడు కదా, తను కళ్ళారా చూసింది! అంటే తర్వాత ఎప్పుడో మావయ్య చెయ్యి జారి ఉంటుంది. ఆరేళ్ళ పనికి ఒక్క సున్నా! రేపు ఆ ముగ్గురూ దీన్ని పట్టుకుంటే? డిపోలో తెలిస్తే? ఈయన తట్టుకుంటాడా? చెబుదామని లేచింది. మావయ్య తడి చెప్పులు వేసుకుని పరీక్షగా నాలుగడుగులు వేస్తూ, పిల్లాడిలా నవ్వుతున్నాడు.

"ఏమన్నా దొరికిందా అమ్మాయ్?"

"లే... లేదు మావయ్యా. రెండు కామాలు."

చెప్పలేకపోయింది. చెబితే ఈయన నాలుగు వేల లైన్లూ మళ్ళీ మొదటి నుంచి చూస్తానంటాడు, ఆదివారం దాటిపోతుంది. ఆఫీసులో ఏం చేస్తుందో అదే చేసింది. ఏరు, జ్వరం, దొంగలు, గుర్రం మీంచి పడటం, అన్నీ మావయ్య పట్టికల్లోంచే తీసి లెక్క కట్టింది. వందకి ఏడు. సున్నా కొట్టేసి ఏడు పెట్టింది. మూడుసార్లు సరిచూసుకుంది.

ఆదివారం అందరూ ఆ మెట్లెక్కారు. గదిలో పొడుగాటి బల్ల. అటువైపు రిటైరయిన చరిత్ర మేష్టారు, ఓ పళ్ళ డాక్టరు, మ్యాపులు గీసే ఆవిడ. ముగ్గురూ తలా ఓ సీసా నీళ్ళు పెట్టుకుని, ఉరిశిక్ష వేసేవాళ్ళలా కూర్చున్నారు. ఇటువైపు ఇస్త్రీ చొక్కాలో మావయ్య, పక్కన అత్తయ్య, చివర కంగారమ్మ.

మొదలైంది. మేష్టారు రాజయ్యాడు. చిన్న కోట, చుట్టూ శత్రువులు వస్తున్నారు, లోపల గింజలు నిండుకున్నాయి. పక్క కోటవాళ్ళని గింజలు పంపమని అడగాలి.

"కబురు పంపుతున్నాను" అన్నాడు మేష్టారు.

తెర మీద చిన్న గుర్రం బొమ్మ కోట దాటింది. వందకి ఏడే కదా, తొంభై ముగ్గురు బతుకుతారు కదా, ఈ ఒక్కడూ ఎందుకు పోతాడు అనుకుంది కంగారమ్మ. ఏడు పెట్టింది తనే, ఇప్పుడు వాడికేమీ కాకూడదని దణ్ణాలు పెట్టుకుంటున్నదీ తనే. ఆటలో అయిదో రోజు, వాన. ఎనిమిదో రోజు, పడవవాడికి సెలవు.

"శభాష్!" అన్నాడు పళ్ళ డాక్టరు సెలవు చూసి.

పదకొండో రోజు గుర్రం బొమ్మ ఏటి ఒడ్డున ఆగింది. ఎంతకీ కదలదు. ఆమెకి ఎక్కడో నీళ్ళ కుళాయి చప్పుడు వినపడినట్టయింది. పన్నెండో రోజు తెర మీద అక్షరాలు పడ్డాయి. కబురువాడు జ్వరంతో చనిపోయాడు.

మావయ్య కుర్చీ వెనక్కి పడింది.

"ఇది నా ఆట కాదు!"

"కూర్చోండి, కూర్చోండి" అన్నాడు మేష్టారు మహా సంబరంగా. "అద్భుతంగా ఉందండీ! మిగతా మాడ్లలో కబురువాడు ఇనప మనిషిలా తిరుగుతాడు. మీరొక్కరే నిజం పెట్టారు. వందకి ఎంత?"

"ఏడు" అంది కంగారమ్మ, ఎలా వచ్చిందో తెలీకుండా మాట వచ్చేసింది.

"సరిగ్గా ఏడు! పుస్తకాల్లో కూడా అంతే!"

మ్యాపులావిడ సంచీలోంచి ముద్ర కూడా తీసింది. అత్తయ్య మొహం వెలిగిపోయింది. మావయ్య మాత్రం నిలబడే ఉన్నాడు.

"తప్పండీ. నా కబురువాడు చావడు. నేను సున్నా పెట్టాను."

అత్తయ్య బల్ల కింద కాలు తొక్కింది. పళ్ళ డాక్టరు "అయ్యో" అన్నాడు, ఎందుకంటే ఆవిడ తొక్కింది ఆయన కాలు.

"మార్చింది నేనే మావయ్యా" అంది కంగారమ్మ. "చెయ్యి జారిందనుకున్నాను. నీకు చెడ్డపేరు వస్తుందని... నేనే దిద్దాను."

మావయ్య ఆమె వైపు చూశాడు. కోపం లేదు. దొరికిపోయినవాడిలా కళ్ళు దించుకున్నాడు. మేష్టారు కళ్ళజోడు తీశాడు.

"అంటే తెలిసే అబద్ధం పెట్టారా? మీరా? పడవవాడి సెలవు కూడా వదలని మనిషి!"

"పెట్టానండీ."

"ఎందుకు?"

మావయ్య కుర్చీ ఎత్తి నిలబెట్టాడు గానీ కూర్చోలేదు. "నిజానికైతే చస్తాడండీ. వందకి ఏడుగురు. ఆ లెక్క నేను మొదట్లోనే కట్టాను, ఆటలో పెట్టాను. కానీ ఈ ఆట ఆడేవాళ్ళలో నిజంగానే కబురు కోసం కూర్చున్నవాళ్ళు ఉంటారు. మా ఇంట్లో ఒకావిడ, ఓడ నుంచి ఫోను ఆగిన పంతొమ్మిదో రోజున, అలాగే కూర్చుని వీడు చావడం చూసింది. మర్నాడు మళ్ళీ వచ్చి ఆడుతుందని తెలుసు. నాకు మంచి మాటలు చెప్పడం రాదండీ. రేపే వస్తుందని చెబుదామంటే నోరు రాలేదు, లెక్కకి నిలవదు కదా. అందుకని ఆలస్యం ఎంతున్నా ఉంచాను, చావు ఒక్కటీ తీసేశాను."

కంగారమ్మ మెదడు గిరగిరా తిరుగుతోంది. ఇరవయ్యో రోజు. అవును, ఆ రోజు మళ్ళీ ఆడింది. కబురువాడు ఆటలో పదిహేను రోజులు ఆలస్యంగా, గుర్రం పోగొట్టుకుని, కుంటుకుంటూ వచ్చాడు. అది చూసి ఆ రోజే మొదటిసారి కడుపునిండా తింది. అదేదో శుభ సూచన అనుకుంది. ఇసక సంచికి కుట్లేసుకుంటూ కూర్చున్న మనిషికి కుళాయి చప్పుడు వినపడిందని రెండేళ్ళుగా ఆమెకి తెలీదు.

"మావయ్యా" అంది. ముక్కు చీదింది.

మ్యాపులావిడ ముద్ర పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది. "ఎంత ఆలస్యమైనా వస్తాడా?"

"వస్తాడండీ."

"ఏడు ఉంచెయ్యండి, ఇప్పుడే ముద్ర వేసేస్తాం" అన్నాడు మేష్టారు, కాస్త బతిమాలుతున్నట్టే.

మావయ్య ఆలోచించాడు. నిజానికైతే నలభై సెకన్లు. "కుదరదండీ" అన్నాడు.

నియమం నియమమే. ముద్ర సంచీలోకి వెళ్ళిపోయింది. మూడేళ్ళ తర్వాత రమ్మన్నారు. మెట్లు దిగుతుంటే అత్తయ్య, "ఆరేళ్ళ చాకిరీ ఒక్క సున్నాకి పోగొట్టుకున్నారు" అని మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఆయన చొక్కా మెడపట్టీ సర్దింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ సగంలో ఆపిన తిట్టు అదొక్కటే. పళ్ళ డాక్టరు వెనకాలే కుంటుతూ వచ్చి, ముద్ర సంగతి ఎలా ఉన్నా ఆ మాడ్ తనకో ప్రతి కావాలని రహస్యంగా అడిగాడు.

"మూడేళ్ళు మావయ్యా" అంది కంగారమ్మ బస్టాపులో. "నా వల్లే."

"నిజానికైతే అయిదు పడుతుంది. చెప్పుల లెక్కలో ఇంకా అనుమానం ఉంది నాకు" అన్నాడు ఆయన. "సున్నా మళ్ళీ పెట్టేస్తావా?"

ఇంటికెళ్ళగానే పెట్టింది. పక్కన "పంతొమ్మిదో రోజు" అన్న మాట అలాగే ఉంచి, దాని కింద ఆఫీసులో పెట్టినట్టు "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టింది. ఒక్కసారే చూసుకుంది, మళ్ళీ చూడలేదు.

వారం తర్వాత మాడ్ సైట్లో ఏదో మూల పడి ఉంది. నక్షత్రాల కింద కొత్త ఉత్తరం ఒకటే. రాసింది ఎద్దులాయన. "ఎద్దులకి జ్వరం తగ్గింది. కానీ అయిదు వారాల క్రితం పంపిన కబురువాడు ఇంకా రాలేదు. ఈ మధ్య ఇంట్లో పరిస్థితి కూడా బాగాలేదు. ఆట మూసెయ్యాలంటే భయంగా ఉంది. నిజం చెప్పండి, పోయాడా?"

మావయ్య కీబోర్డు ముందు కూర్చుని, ఏం రాయాలో తోచక చెవి గోక్కుంటున్నాడు. కంగారమ్మ ఆయన్ని పక్కకి జరగమంది.

"నిజానికైతే ఇంకో పది రోజులు పట్టొచ్చండీ" అని రాసింది. "మూసెయ్యకండి. వస్తాడు."